ఓవర్‌క్లాక్ మోజు తర్వాత, ముందు గాలి ఆడనివ్వండి!

"హార్స్‌లీ హిల్స్ పక్కనే ఉన్నాం, మనకు కూలింగ్ గొడవేంటి?" అని కురబలకోటలో గేమింగ్ పీసీ బిల్డ్ చేసుకునేవాళ్లు అనుకోవచ్చు. కొండ మీది చల్లదనం మీ గదిలోకి రాదు బాస్! ఎయిర్ కూలరైనా, లిక్విడ్ కూలరైనా ప్రాసెసర్‌ని గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. ఎండాకాలంలో గది 5 డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది.

స్పీడ్ 5 శాతం పెంచడానికి వోల్టేజ్ 10 శాతం పెంచారనుకోండి. పవర్ వాడకం దాదాపు 27 శాతం పెరుగుతుంది. అదంతా వేడే! గేమ్‌లో లాభం? 100 ఎఫ్‌పీఎస్ వచ్చేచోట మహా అయితే 105.

నన్నడిగితే, రైజెన్ 5 7600 లాంటి చిప్ ఉంటే కర్వ్ ఆప్టిమైజర్‌తో వోల్టేజ్ కాస్త తగ్గించండి. క్రాష్ అయితే ఒక మెట్టు వెనక్కి రండి. ముందు ఫ్యాన్ గాలిని లోపలికి లాగాలి, వెనక ఫ్యాన్ బయటికి నెట్టాలి. ఖరీదైన కూలర్ డబ్బు గ్రాఫిక్స్ కార్డుకి పెట్టండి, తేడా కంటికి కనిపిస్తుంది.