రెండో ప్రతి ఉందా? తెరిచి చూశారా?

"పాత రిపోర్టులు ఏమైనా ఉన్నాయా?" ఆస్పత్రిలో డాక్టరుగారు మొదట అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. ఒకప్పుడు వాటిని బీరువాలోని ప్లాస్టిక్ కవరులోంచి తీసేవాళ్లం. ఇప్పుడు చాలా కుటుంబాలు ఈసీజీలు, బయాప్సీ రిపోర్టులు, పిల్లల టీకాల కార్డులు స్కాన్ చేసి ఇంట్లో కంప్యూటర్‌లో దాచుకుంటున్నాయి. మంచి అలవాటే. కొన్ని ఈసీజీ కాగితాలపై గీతలు కొన్నేళ్లకు వెలిసిపోతాయి కూడా. అయితే రేపు ఉదయం ఆ కంప్యూటర్ ఆన్ కాకపోతే?

రక్తపరీక్ష మళ్లీ చేయించుకోవచ్చు. కానీ అయిదేళ్ల క్రితం గుండె ఎలా ఉందో చెప్పే ఈసీజీని ఎంత డబ్బు పోసినా మళ్లీ తీయించలేము. నేడు ఛాతీనొప్పితో వచ్చిన మనిషిలో కనిపించే మార్పు కొత్తదా, పాతదా అని పోల్చి చూసేది దానితోనే.

యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం మన సంఘాల్లో చాలామందికి తెలుసు. ప్రవక్త చెప్పగా బారూకు రాసిన గ్రంథపు చుట్టను యెహోయాకీము రాజు చాకుతో కోయించి కుంపటిలో కాల్చివేశాడు. యిర్మీయా మళ్లీ చెప్పాడు, బారూకు మళ్లీ రాశాడు. మన హార్డ్ డిస్క్ పాడైతే అందులోవి మళ్లీ చెప్పగలిగేవారెవరూ ఉండరు. అందుకే చెడిపోకముందే రెండో ప్రతి తీసిపెట్టుకోవాలి. దీన్నే బ్యాకప్ అంటారు.

పెద్ద సంస్థలకూ ఈ కష్టం తప్పలేదు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగింది. రోజుల తరబడి అక్కడ పనులు చేతిరాతతో నడిచాయి. దెబ్బతినని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి ఈ-హాస్పిటల్ సమాచారమంతా తిరిగి తెచ్చుకోగలిగామని ప్రభుత్వం తర్వాత పార్లమెంటుకు తెలిపింది.

"మేము డి డ్రైవ్‌లో కూడా పెట్టామండీ" అని కొందరంటారు. చాలా ఇళ్లలో సి, డి రెండూ ఒకే డిస్కులోని రెండు అరలు. డిస్కు పోతే రెండూ పోతాయి. "ఫోన్‌లోంచి గూగుల్ ఫొటోస్‌లోకి వెళ్తున్నాయి" అని మరికొందరు. అది మేలే గాని, ఆ యాప్‌లో ఒక ఫొటో తీసేస్తే అక్కడా పోతుంది. చెత్తబుట్టలో 60 రోజులే ఉంటుంది.

మేము చెప్పేది సులువైన పద్ధతి. రిపోర్టులన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. స్కానింగ్ సీడీలో చిత్రాలు చూపించే ప్రోగ్రాం కూడా ఉంటుంది గనుక సీడీని మొత్తంగా కాపీ చేయండి. ఆ ఫోల్డర్‌ను విడిగా ఉండే హార్డ్ డిస్కులోకి నెలకోసారి కాపీ చేసి, వెంటనే దాన్ని కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టండి. తగిలించి వదిలేస్తే ఫైళ్లకు తాళం వేసే వైరస్ దానికీ తాళం వేస్తుంది. వీలైతే ఇంకొక ప్రతి అమ్మాయి ఇంట్లోనో అన్నయ్య ఇంట్లోనో ఉంచండి. అసలు కాగితాలు మాత్రం పారేయకండి.

ఇంతటితో పని సగమే అయినట్టు. రెండో ప్రతిని తెరిచి చూడనంతవరకు అది ఉన్నట్టు లెక్క కాదని మా గట్టి అభిప్రాయం. ఆరు నెలలకోసారి ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి, అన్నిటికంటే పాత ఈసీజీ, ఒక స్కానింగ్ సీడీ, మొన్నటి రిపోర్టు తెరిచి చూడండి. మూడూ కనిపిస్తే కంప్యూటర్ చెడినా భయం లేదు. మరమ్మతు దుకాణంలో "ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేయాలి" అన్నప్పుడు, ముందు ఈ పరీక్ష చేసి ఆ తర్వాతే సరే అనండి. డిస్కుకు పాస్‌వర్డ్ పెడితే ఇంట్లో ఇంకొకరికైనా అది తెలిసి ఉండాలి. జబ్బుపడిన మనిషికి ఆ వేళ చెప్పే ఓపిక ఉండకపోవచ్చు.

"అబ్బాయి హైదరాబాదు నుంచి పండక్కి వస్తే చేస్తాడులే" అని వాయిదా వేయకండి. జబ్బు పండగ దాకా ఆగదు. సంఘంలోని యవ్వనస్తులు ఒక ఆదివారం ఆరాధన తర్వాత ఒంటరిగా ఉంటున్న పెద్దల ఇళ్లకు వెళ్లి, ఈ పని చేసిపెట్టి, వాళ్ల చేత ఒకసారి చేయించి రావాలని మేము కోరుతున్నాము. రోగులను పరామర్శించడమంటే ఇది కూడా.