గీజరు వేయగానే కరెంటు పోతుంటే

చలికాలం వచ్చిందంటే మమ్మల్ని అడిగే ప్రశ్నలలో ఇది ఒకటి తప్పక ఉంటుంది. ఫజ్ర్ నమాజుకు లేచి వుజూ కోసం గీజరు వేస్తే ఇల్లంతా చీకటి అవుతున్నది, మీట పైకెత్తితే కాసేపు నిలిచి మళ్ళీ పడిపోతున్నది, ఏం చేయమంటారు అని. మేము విద్యుత్తు పని నేర్చినవారము కాము. మదరసా వసతిగృహంలోని గీజర్ల బాగోగులు చాలాకాలంగా మా మీద ఉన్నందున, పని తెలిసినవారిని అడిగి తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాము.

పడిపోయిన మీట ఏది అన్నది ముందుగా చూడాలి. మీటరు బోర్డు దగ్గర రెండు రకాల మీటలు ఉంటాయి. సన్నగా వరుసలో ఉండేవి ఎంసీబీలు. తీగ మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు ప్రవహిస్తే అవి పడిపోతాయి. వాటికన్నా వెడల్పుగా, 'టి' అక్షరం ఉన్న చిన్న బొత్తాముతో ఉండేది ఆర్‌సీసీబీ. చాలామంది దానిని ఈఎల్‌సీబీ అనే అంటారు. దాని పని వేరు. ఫేజ్ తీగలో వెళ్ళిన కరెంటు అంతా న్యూట్రల్ తీగలో తిరిగి వచ్చిందా లేదా అని అది సరిచూస్తూ ఉంటుంది. ఇళ్ళలో సాధారణంగా పెట్టే రకమైతే, 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేసరికి కరెంటు ఆపివేస్తుంది. అంటే ఆ మేర కరెంటు నీటిలోకో, గోడలోకో, మనిషి ఒంట్లోకో దారి తప్పిందన్నమాట.

ఎంసీబీ పడుతుంటే సంగతి కొంత తేలిక. నీళ్ళు నిలువ ఉండే గీజర్లు చాలావరకు 2000 వాట్లవి. సుమారు 9 ఆంపియర్లు లాగుతాయి. అప్పటికప్పుడు వేడిచేసే చిన్న గీజరు 3000 వాట్లదైతే 13 ఆంపియర్లు. వీటిని లైట్లూ ఫ్యానులూ ఉన్న 6 ఆంపియర్ల లైనులో కలిపితే మీట పడక మానదు. 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి విడిగా తీగ ఉండాలి. సాకెట్టు రంధ్రాల చుట్టూ గోధుమరంగు మరక, కాలిన వాసన ఉంటే లోపల పట్టు వదులైందని అర్థం. ఎంసీబీ దగ్గరి స్క్రూ వదులైనా, అక్కడ పుట్టే వేడికే అది పడిపోతుంది. తీగ మార్చకుండా 16 ఆంపియర్ల ఎంసీబీ తీసి 32 ఆంపియర్లది పెట్టించేవారు ఉన్నారు. ఇక మీట పడదు నిజమే, కాని ఆ కరెంటుకు గోడలోని తీగ కాలుతుంది.

ఆర్‌సీసీబీ పడుతుంటే మాత్రం తేలికగా తీసుకోరాదు. గీజరు ప్లగ్గు పూర్తిగా ఊడదీసి మీట పైకెత్తండి. స్విచ్చి ఆపితే చాలదు. చాలా స్విచ్చులు ఫేజ్‌ను మాత్రమే ఆపుతాయి. న్యూట్రల్ కలిసే ఉంటుంది. లోపల చెడినదానికి న్యూట్రల్ తగిలి ఉంటే, గీజరు ఆపి ఉన్నా మరో గదిలో మోటారు వేసినప్పుడు మీట పడవచ్చు. ప్లగ్గు తీశాక రోజంతా మీట నిలిచిందా, దోషం దాదాపు గీజరుదే. అప్పటికీ పడుతుంటే మోటారో, వాషింగ్ మెషీనో, గోడలో తడిసిన తీగో చూడాలి.

గీజరులో ఎక్కువగా చెడేది ఎలిమెంటు. లోహపు గొట్టం, దాని నడుమ వేడెక్కే తీగ, ఆ రెంటికీ మధ్య కూరిన తెల్లని మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, ఇదీ దాని నిర్మాణం. ఆ పొడి వేడిని బయటికి పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు. బోరునీరు వాడే ఇళ్ళలో గొట్టం మీద సున్నం పొరలు పొరలుగా పేరుకుంటుంది. వేడి నీటిలోకి పోలేక గొట్టంలోనే నిలిచి, చివరకు గొట్టానికి సన్నని పగులు వస్తుంది. అందులోంచి నీరు పొడిలోకి దిగుతుంది, కరెంటు నీటిలోకి వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉన్న పగులు వేడికి విచ్చుకుంటే, మీట వెంటనే కాక నాలుగైదు నిమిషాలకు పడుతుంది. అప్పుడప్పుడే కదా పడుతున్నది అని ఊరుకునేది ఇటువంటి ఇళ్ళలోనే.

మా వసతిగృహంలో ఒకసారి ఇదే జరిగింది. వచ్చిన కుర్రవాడు అటూ ఇటూ చూసి, "మౌలానా సాబ్, ఎర్త్ తీగ తీసేస్తే ఇక ట్రిప్ కాదండీ" అన్నాడు. అతడు చెప్పినది అబద్ధం కాదు, అందుకే భయం వేసింది. "మీట పడకపోతే ఆ కరెంటు ఎటు పోతుంది, బాబూ?" అని అడిగాము. జవాబు చెప్పలేదు. పగిలిన ఎలిమెంటులోంచి వచ్చిన కరెంటు ఎర్త్ తీగ ఉంటే దాని వెంట నేలలోకి పోతుంది, మీట పడుతుంది. ఆ తీగ తీస్తే గీజరు ఒంట్లోనే, నీటిలోనే కాచుకుని ఉంటుంది. తడి నేల మీద నిలబడి నల్లా తిప్పిన బిడ్డే దానికి దారి అవుతాడు. ఆర్‌సీసీబీ ఉంటే ఆ క్షణంలోనైనా ఆపుతుంది. ఎర్త్ తీసి, ఆర్‌సీసీబీని కూడా పక్కకు తప్పించి తీగ కలిపిన ఇళ్ళలో ఆపేది ఏదీ ఉండదు. పాత ఇళ్ళలో ఎర్త్ లేదని సాకెట్టులో ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలపడం కూడా ఇటువంటిదే. ఎక్కడో న్యూట్రల్ తెగితే గీజరు ఒళ్ళంతా కరెంటే.

ఆ కుర్రవాణ్ణి పంపివేసి అనుభవజ్ఞుడైన మరొకరిని పిలిపించాము. ఆయన టెస్టరుతో సరిపెట్టలేదు. ఎలిమెంటు తీగలు విడదీసి మెగ్గరు పెట్టి, తీగకూ గొట్టానికీ మధ్య కరెంటు కారుతున్నదని చూపించారు. మామూలు మల్టీమీటరుతో రెండు కొసల మధ్య కొలిస్తే 26 ఓమ్‌లు వచ్చింది. 2000 వాట్ల ఎలిమెంటుకు అది సరైన లెక్కే. ఆ ఒక్క కొలత చూసి ఎలిమెంటు బాగుందనుకునేవారు పొరబడేది ఇక్కడే. నీళ్ళు బాగానే కాగుతుంటాయి, కరెంటు కారుతూనే ఉంటుంది. కాబట్టి వచ్చినవారిని మెగ్గరు ఉన్నదా అని ముందే అడగండి. వేసవి అంతా వాడని గీజరు తొలిరోజు మీట పడగొడితే, పగులు లేకున్నా పొడికి చెమ్మ పట్టి ఉండవచ్చు. అదీ ఆ పరికరంతోనే తేలుతుంది. ఎలిమెంటు మార్చేటప్పుడు లోపలి సున్నం తీయించి, మెగ్నీషియం కడ్డీ ఎంత మిగిలిందో చూడమనండి. తుప్పు బారి నుండి ట్యాంకును కాపాడేది ఆ కడ్డీయే. అది అరిగిపోతే కొత్తది వేయించాలి. పని అయ్యాక వేడినీటి నల్లాలో ధార వచ్చిన తర్వాతే గీజరు వేయాలి. ఖాళీ ట్యాంకులో కొత్త ఎలిమెంటు కూడా కాలిపోతుంది.

బాగుచేయించేవరకు, మీట పడిన ప్రతిసారీ మళ్ళీ పైకెత్తుతూ నీళ్ళు కాచుకునేవారిని కూడా చూశాము. ప్లగ్గు తీసి ఉంచండి, గ్యాసు పొయ్యి మీద ఒక గిన్నెడు నీళ్ళు వుజూకు చాలు. వేడినీటి కోసం ప్రాణం పణం పెట్టమని షరీఅత్ ఎవరినీ కోరలేదు. బకెట్టులో కరెంటు రాడ్డు పెట్టేవారైతే, ప్లగ్గు ఊడదీసిన తర్వాతే నీళ్ళలో చేయి పెట్టి చూడాలి. ఇక ఆర్‌సీసీబీ మీది ఆ 'టి' బొత్తామును నెలకొకసారి నొక్కండి, మీట వెంటనే పడాలి. పడకపోతే, ఇంట్లో గీజరు బాగున్నా, ముందు మార్చవలసినది ఆ ఆర్‌సీసీబీనే.