ధర కాదు, కన్ను చూసి కొనండి

జహీరాబాద్, కోహీర్ వైపు ఆలుగడ్డ వేసే రైతుకు అక్టోబరు వచ్చిందంటే ఒకటే ఆలోచన. ఆగ్రా లారీ ఎప్పుడొస్తుంది, బస్తా ఎంత చెప్తారు? గడ్డ ఎట్లుందని అడిగేవారు తక్కువ. ఎకరానికి ఆరేడు క్వింటాళ్ళ విత్తనం కావాలి. పెట్టుబడిలో పెద్ద వాటా దానిదే. అదే చెడితే ఎరువు, నీరు, మందు ఏవీ పంటను నిలబెట్టలేవు.

విత్తన గడ్డకూ వయసుంటుంది. నిద్ర తీరని గడ్డ నాటితే కొన కన్ను ఒక్కటే మొలుస్తుంది. కాండాలు తక్కువ, గడ్డలూ తక్కువ. బాగా ముదిరి, మొలకలు పదేపదే విరిగిన గడ్డకు పీల మొక్క వస్తుంది, త్వరగా వాలిపోతుంది. కోల్డ్ స్టోరేజీ గడ్డను దించిన వెంటనే నాటకండి. నీడపట్టున, గాలీ వెలుతురూ తగిలేచోట పది పదిహేను రోజులు పలుచగా పరవండి. పొట్టిగా, లావుగా, పచ్చని మొలకలు వస్తే విత్తనం సిద్ధమైనట్టే. వెంట్రుకల్లాంటి మొలకలుంటే ఏరి పారేయండి.

చిన్న గడ్డయితే తక్కువ పడుతుంది, కోసే పని లేదంటారు. నిజమే. కానీ అది ఎందుకు చిన్నదైంది? వైరస్ తెగులు సోకిన మొక్కకూ చిన్న గడ్డలే ఊరతాయి. విత్తన చేనులో పెరిగిన చిన్న గడ్డ వేరు, తిండి గడ్డల్లోంచి ఏరింది వేరు.

ప్రతి లోడులో కొన్ని గడ్డలు కోసి చూడండి. లోపల గోధుమరంగు వలయం, దాన్నుంచి జిగురు కనిపిస్తే అది బాక్టీరియా ఎండుతెగులు. ఆ లోడు వద్దేవద్దు. ఒక్క కత్తితోనే వందల గడ్డలకు అంటుతుంది. నేలలో నిలిచిపోయి తర్వాత వేసే టమాట, వంగ, మిరపలనూ పట్టుకుంటుంది.

‘అప్పు మీద ఇచ్చే వ్యాపారిని ఇవన్నీ అడగగలమా?’ అంటారు. ఒక్కరైతే కష్టమే. పదిమంది కలిసి లోడు మాట్లాడుకుంటే అడగొచ్చు. లోడు ఎత్తకముందే ఇద్దరు పోయి చూసి రావచ్చు. బస్తాకు చీటీ ఉందా? ఫౌండేషన్ విత్తనానికి తెల్లది, సర్టిఫైడ్ విత్తనానికి నీలిది ఉండాలి. రకం పేరు రాసిన రసీదు తీసుకోండి, పంట చేతికొచ్చేదాకా దాచండి. రసీదు ఇవ్వనన్న లోడును ఎంత చవకైనా దించుకోవద్దు. బస్తాపై మిగిలే వంద రూపాయల కోసం ఎకరం పంటను పణంగా పెట్టడం మనకు తగదు.