మూగజీవుల ఋణము

శిబి చక్రవర్తి కథ ఎరుగని తెలుగువారు అరుదు. శరణు జొచ్చిన పావురమును కాపాడుటకు ఆ రాజు తన దేహమును కోసి తక్కెడలో వేసినాడు. 2020లో లోకమును చుట్టుముట్టిన మహమ్మారి కాలమున ఆ కథ తలక్రిందులైనది. ప్రాణభీతితో శరణు కోరినవాడు మనుష్యుడు. తక్కెడలో తూగినవి మూగజీవుల దేహములు. చుంచెలుకలు, హామ్‌స్టరులనెడి బొద్దెలుకలు, కోతులు టీకామందుల పరీక్షకు గురియైనవి. ఒక భేదమును మాత్రము మరువరాదు. శిబి తనంతట తానే ఇచ్చినాడు. ఈ జీవుల సమ్మతిని ఎవరును అడుగలేదు, అడుగుటకు వీలును లేదు.

2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ ఆత్యయిక స్థితి ముగిసినదని ప్రకటించినది. నాటినుండి జంతుప్రయోగములపై పాతవాదము మరల తలయెత్తినది. ఇవి లేనిదే వైద్యము లేదని ఒక పక్షము. ఇవి ఉన్నంతకాలము నాగరికత లేదని వేరొక పక్షము. ఇరువురును తరచుగా విస్మరించు విషయ మొకటి కలదు. ఆ కాలమున జంతువులు పడిన బాధ అంతయు ఒక్క తీరుది కాదు. కొంత శాస్త్రమునకు అక్కర వచ్చినది. కొంత కేవలము మన సంసిద్ధత లేమివలన కలిగినది. ఈ రెంటిని వేరుచేసి చూచుటయే నేటి కర్తవ్యము.

మొదట వ్యర్థహింసను చూతము. 2020 మార్చిలో దేశదేశముల విద్యాలయములు మూతపడినవి. ప్రయోగశాలలోని జంతువులకు సెలవులు లేవు. నిత్యము మేత వేయవలెను, నీరు పెట్టవలెను, బోనులు శుభ్రము చేయవలెను. వ్యాధిభయమును లెక్కింపక ప్రతిదినము వచ్చి ఆ పనులు చేసిన సేవకులున్నారు. వారిని తలచినవారు తక్కువ. అయినను అన్నింటిని సాకుట సాధ్యము కాక, అమెరికాలోని అనేక పరిశోధనాలయములు వేలకొలది చుంచెలుకలను చంపివేసినవి. అవి ఏ మందు గుణమును తెలుపుటకు చావలేదు. ఏ ప్రశ్నకును సమాధానము నీయలేదు. విపత్తు వచ్చినపుడు వీని గతి ఏమను ఆలోచన ముందుగా చేయకపోవుటయే వాని మరణమునకు కారణము.

దీనికి ఎదురుగా నిలుచు మంచి ఉదాహరణ యొకటి కలదు. తొలినాటి కోవిడ్ వైరసు సామాన్యపు చుంచెలుకకు సోకదు. వైరసు మన కణములోనికి చొచ్చుటకు వాకిలివంటిది ఏసీఈ2 అను ప్రొటీను. చుంచెలుకలో దాని తీరు వేరు. అయోవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2007 నాటికే, సార్స్ వ్యాధిని పరిశీలించుటకై, మానవ ఏసీఈ2 జన్యువు గల చుంచెలుకలను రూపొందించియుండిరి. సార్స్ సమసిన తరువాత వానితో పని తగ్గినది. అయినను వాని వీర్యమును ఘనీభవింపజేసి భద్రపరచినారు. 2020లో అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీ ఆ వీర్యమునుండి ఆ సంతతిని తిరిగి పుట్టించి పరిశోధకుల కందించినది. బోనులలో తరతరములు పెంచి వృథాగా చంపనక్కరలేక, కావలసిన సమయమునకు కావలసిన జీవి సిద్ధమైనది. ముందుచూపు ఉన్నచోట కరుణయు శాస్త్రమును ఒక్క దారినే నడచునని ఇది నిరూపించినది.

మన దేశపు అనుభవము ఇంత సుకరము కాలేదు. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థయు, భారత వైద్య పరిశోధనామండలియు కలిసి సిద్ధపరచిన కోవాగ్జిన్ టీకాను హామ్‌స్టరులపైనను, 20 రీసస్ కోతులపైనను పరీక్షించినారు. కోతులను ఐదేసి చొప్పున నాలుగు వర్గములు చేసి, మూడు వర్గములకు టీకా నిచ్చి, నాలుగవ దానికి ఈయక, పిమ్మట అన్నింటికి వైరసును సోకించి చూచినారు. టీకా ఫలించినదని తేలినది. అయితే ఆ కోతులు ఎక్కడివి? పరిశోధనకై పెంచిన రీసస్ కోతులు దేశమున దొరకలేదు. లాక్‌డౌనులో ఊళ్లలో తిండి కరవై కోతులు అడవి లోపలికి పోయినవి. కడకు నాగపూరు ప్రాంతమున వెదకి పట్టినారని ఆనాడు మండలికి అధిపతియైన బలరామ్ భార్గవ తన గ్రంథమున తెలిపినారు.

రీసస్ కోతి మన నేలపై పుట్టిన జంతువే. 1950 దశకమున పోలియో టీకా కొరకు లక్షలాదిగా ఇక్కడినుండియే విదేశములకు తరలిపోయినది. 1978లో ప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించినది. ఎగుమతి ఆగినది గాని, ఇంటి అవసరమునకు తగిన ఏర్పాటు సమయమునకు సమకూడలేదు. అడవిలో పట్టిన కోతికి పూర్వము ఏ వ్యాధులు సోకినవో తెలియదు. దానికి మనుష్యుని చేయి కొత్త, బోను కొత్త. పట్టుబడిననాటి బెదురు శాస్త్రమునకు కూర్చిన లాభమేమియు లేదు. అది ఏర్పాటు లేమికి ఆ జీవి చెల్లించిన సుంకము.

జంతుసంక్షేమమనగా పరిశోధనకు అడ్డుగోడ యని కొందరు తలంతురు. వాస్తవము వేరు. బెదరిన జంతువు శరీరము మారిపోవును. దానిపై తీసిన లెక్కయు తప్పిపోవును. చుంచెలుకను తోకపట్టి ఎత్తుట ప్రయోగశాలలలో చిరకాలపు అలవాటు. అట్లు ఎత్తిన ఎలుకలు కలవరపడునని, చిన్న గొట్టములోనికి ఎక్కించియో, దోసిట పట్టియో ఎత్తినచో నెమ్మదిగా నుండునని లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో చూపినారు. గొట్టము ఖరీదు ఎంత? దాని వలన ఎలుకకు నెమ్మది, ఫలితమునకు నమ్మకము.

ఈ భావమునకు మూలసూత్రములు 1959లోనే వెలువడినవి. రస్సెల్, బర్చ్ అను ఇరువురు ఆంగ్ల శాస్త్రజ్ఞులు మూడు మాటలలో దానిని చెప్పినారు: వీలైనచోట జంతువునకు బదులు వేరొక సాధనము, వీలుకానిచోట తక్కువ జంతువులు, వానికిని తక్కువ బాధ. మరుసటి ఏడే, 1960లో, మన పార్లమెంటు జంతుహింసా నివారణ చట్టమును చేసినది. నాట్యకళాకోవిద రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో సాగించిన కృషి ఆ చట్టమునకు దారితీసినది. ఆ చట్టము ప్రయోగములను నిషేధింపలేదు. పర్యవేక్షణకు కమిటీ నేర్పరచు అధికారము నిచ్చినది. పుస్తకములు, నమూనాలు, చలనచిత్రములు చాలినచోట కళాశాలలలో జంతుప్రయోగములను మానవలెనని ఆనాడే పేర్కొన్నది. విశ్వవిద్యాలయముల జంతుశాస్త్ర తరగతులలో కోతలకు స్వస్తి చెప్పుమని యూజీసీ ఆదేశించుటకు మాత్రము 2014 వరకు పట్టినది.

జంతువులను పూర్తిగా విడిచిపెట్టు కాలము వచ్చినదా? తొందరపడరాదు. 1937లో అమెరికాలో, జంతువులపై సైతము పరీక్షింపని ఒక సల్ఫా పానకము నూరుమందికి పైగా పొట్టన బెట్టుకొన్నది. అందుచే 1938లో ఆ దేశము భద్రతాపరీక్షలను తప్పనిసరి చేసినది. 1961లో ఉపసంహరింపబడిన థాలిడోమైడు, గర్భిణులైన జంతువులపై చాలినంత పరీక్ష జరుగకయే తల్లుల చేతికి వచ్చి, వేలమంది శిశువులను వికలాంగులను చేసినది. తరువాతి పరీక్షలలో కుందేళ్లు దాని దోషమును పట్టి యిచ్చినవి. ఎలుకలు అంతగా పట్టి యీయలేదు. జంతువు సాక్ష్యము విలువైనదే, సంపూర్ణమైనది మాత్రము కాదని దీని సారము.

అందుచేతనే చట్టములు మెల్లగా మారుచున్నవి. 2022 డిసెంబరులో అమెరికా, కొత్త మందులకు జంతుపరీక్ష తప్పనిసరియను నిబంధనను తొలగించినది. 2023 మార్చిలో మన ప్రభుత్వము, ఔషధ పరీక్షల నిబంధనలను సవరించి, మానవకణములతో పెంచిన సూక్ష్మావయవములు, అవయవముల పనిని అనుకరించు చిప్పులు, కంప్యూటరు గణనలు మున్నగువానికి చోటిచ్చినది. ఇవి జంతుప్రయోగములపై నిషేధములు కావు. తలుపులు తెరచుట మాత్రమే. కాలేయమునకు మందు చెరుపు చేయునా యని కణములు చెప్పగలవు. దేహమంతయు కూడి వ్యాధితో పోరాడు తీరును అవి ఇంకను పూర్తిగా చెప్పలేవు.

ఈ విషయమున హైదరాబాదునకు విశేషబాధ్యత కలదు. టీకాల తయారీలో ఆ నగరము లోకప్రసిద్ధము. జాతీయ పోషకాహార సంస్థ అక్కడ ప్రయోగజంతు విజ్ఞానమున శిక్షణ నిచ్చుచున్నది. జీనోమ్ వ్యాలీలో వైద్య పరిశోధనామండలి జాతీయ జంతువనరుల కేంద్రమును నెలకొల్పినది. ఇటువంటి సంస్థలు శాంతికాలముననే చేయవలసిన పనులు స్పష్టము: జాతులను ఘనీభవింపజేసి దాచుట, వ్యాధిలేని జంతువులను సౌకర్యముగా పెంచుట, విఫలమైన ప్రయోగములను సైతము ప్రకటించి అదే ప్రయోగము వేరొకచోట పునరావృతము గాకుండ చూచుట, విపత్తునకు ముందుగా ఏర్పాట్లు వ్రాసియుంచుట.

చివరి మాట పాఠశాలల వారిది. ప్రతి ప్రయోగమును ముందుగా పరిశీలించు సంస్థాగత జంతునైతిక సంఘములో శాస్త్రజ్ఞులతోపాటు శాస్త్రజ్ఞుడు కాని సామాజికుడొకడు ఉండవలెనని మన నియమము. ఆ కుర్చీలో కూర్చుండి, ఈ ప్రయోగము అవసరమా, ఇన్ని జంతువులు కావలెనా, బాధను తగ్గించు దారి లేదా యని అడుగదగిన పౌరుడు తరగతిగదిలోనే తయారు కావలెను. వూహాన్ విశ్వవిద్యాలయమున సార్స్ పరిశోధనలో మరణించిన 38 కోతులకు స్మారకశిల నిలిపినారు. అది సంస్కారమే. అయితే శిల నిలిపినంత మాత్రమున ఋణము తీరదు. ఈసారి మహమ్మారి వచ్చునాటికి బోనులో ఉండవలసిన జీవుల సంఖ్య తగ్గినచో, ఆ ఋణములో కొంత తీరినదని చెప్పవచ్చును.