ఊరికి గల సిగ్నలు బాటకు లేదేల?

సెల్లుఫోను విలాసవస్తువనెడు కాలము గడచిపోయినది. 1995 జూలై 31వ తేదీన కలకత్తా నుండి మన దేశమునందలి మొదటి సెల్లుఫోను పిలుపు పోయిననాడు అది పట్టణపు ధనికుల చేతి యంత్రము. నేడు పంట ధర విచారించుటకును, కూలి డబ్బు పంపుటకును, వాన రాకడ తెలిసికొనుటకును, ఆపదలో 108 బండిని పిలుచుటకును రైతునకు అదియే సాధనము. 2022 జూన్ మాసమున కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరుల కెక్కించుటకై 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది గనుక, సంఘపు ఖాతాలును నెట్టుపై ఆధారపడు దినములు వచ్చినవి. మరియొక ప్రక్క పాత సాధనములు ఒక్కటొక్కటిగా తొలగిపోయినవి. తంతివార్త 2013 జూలైలో నిలిచిపోయినది. బస్సుస్టాండులోని రూపాయి ఫోను పెట్టె యిప్పుడు కానరాదు. కావున ఫోను పలుకని చోట నేటి మనుష్యుడు తన తండ్రికంటెను ఒంటరివాడు.

మన పడమటి మండలములలో అట్టి చోట్లు ఊళ్లలోకంటె ఊళ్ల నడుమనే యెక్కువ. ఆత్మకూరు బజారులో ఫోను చక్కగా పలుకును. ఉదయగిరి దుర్గము క్రింది వీథులలోను పలుకును. కాని యీ రెంటి నడుమను, ఉదయగిరి నుండి సీతారామపురము వైపునను, మర్రిపాడు మండలపు అడవి యంచులను కారులోనో లారీలోనో పోవువారికి మాట మధ్యలో తెగుటయు, త్రోవ జూపు పటము కదలకుండుటయు, సొమ్ము చేరినదో లేదో తెలియక తెరమీద చక్రము తిరుగుచుండుటయు అనుభవములోని సంగతులే.

ఇది ప్రయాణికుల విసుగుతో ముగియు విషయము కాదు. నిమ్మకాయల బస్తాలు బండికెక్కిన తరువాత పొదలకూరు మార్కెట్టులో ధర పడినదని సకాలమున తెలిసినచో బండిని గూడూరునకు త్రిప్పవచ్చును. తెలియనిచో పడిన ధరకే అమ్ముకొనవలసివచ్చును. డి.సి.పల్లి వేలమునకు పొగాకు బేళ్లు తోలుకొనిపోవు లారీ నడుమ దారిలో చెడినచో మెకానిక్కును పిలుచుటకు డ్రైవరు గుట్ట యెక్కవలసివచ్చును. ప్రసవవేదన పడు స్త్రీని రాత్రివేళ కారులో తీసికొనిపోవువారికి, ముందున్న ఆసుపత్రిలో వైద్యురాలు ఉన్నదో లేదో అడుగు వీలు లేకపోవుట ప్రాణముతోడి మాట. వ్యవసాయ ప్రదర్శకుడనై యీ బాటలనే తిరుగు నాకును అనుభవము కలదు. తోటలో నిలిచి రైతు పంపిన తెగులాకు ఫొటో, నేను ఆ తోట ప్రక్కగానే పోవుచుండియు, పది మైళ్లు దాటిన పిమ్మటనే నా చేతి కందుట పలుమారు జరిగినది. వెనుకకు మరలిన పెట్రోలు దండుగ. మరలకున్న చెట్టు దండుగ.

కారణములు తెలిసినగాని ఎవరిని ఏమి అడుగవలయునో తెలియదు. టవరునుండి వెలువడు తరంగములలో 700, 800, 900 మెగాహెర్ట్జులవి దూరము పోవును. 1,800, 2,300 మెగాహెర్ట్జులవి అంత దూరము పోజాలవు. 5జీకి విరివిగా వాడు 3,300కు పైబడినవి మరింత దగ్గరలోనే అణగిపోవును. అందుచే పట్టణములో మెరుపువలె పరుగెత్తు క్రొత్త సేవ అడవి బాటలో అక్కరకు రాకపోవచ్చును. వెలికొండల వంటి కొండ అడ్డు నిలిచినచో ఆవలి ప్రక్కన నీడ పడినట్లు సిగ్నలు కొరత యేర్పడును. కారు పోవుచుండగా ఒక టవరు మన ఫోనును రెండవ టవరున కప్పగింపవలయును. ఆ రెండవది అందుబాటులో లేనిచో సంభాషణ తెగును. కారు ఇనుప ఒడలు కూడ కొంత సిగ్నలును హరించును. ఇక గీతలు నిండుగా కనబడుచున్నను డేటా రాకుండుటకు హేతువు వేరు. ఆ గీతలు టవరునకును మనకును గల సంబంధమునే తెలుపును; టవరు వెనుకనున్న తీగ సన్నదైనను, సాయంకాలము ఒక్కసారి వందలమంది వాడుచున్నను డేటా నిలిచిపోవును. కరెంటు పోయి బ్యాటరీ యుడిగినచో టవరే మూగబోవును.

ప్రభుత్వము ఏమియు చేయలేదనుట న్యాయము గాదు. 2021 నవంబరులో అయిదు రాష్ట్రములందలి 44 వెనుకబడిన జిల్లాలలో 7,287 గ్రామములకు 4జీ సేవ నొసగుటకు కేంద్ర మంత్రివర్గము అంగీకరించినది. 2022 జూలై 27వ తేదీన దేశమునందలి 24,680 గ్రామములకై 26,316 కోట్ల రూపాయల పథకమును మంజూరు చేసి బీ.ఎస్.ఎన్.ఎల్.కు అప్పగించినది. ఇవి మెచ్చదగిన పనులు. అయినను వీని లెక్క యంతయు గ్రామము పేరిటనే జరిగినది. రామాలయము వద్ద ఫోను పలికినచో ఆ గ్రామము లెక్కలో చేరిపోవును. పొలము, చెరువుకట్ట, కనుమ దారి ఏ లెక్కలోను చేరవు. రైతు బ్రదుకులో సగము ఊరి వెలుపలనే గడచును గదా! మంచినీటి కుళాయిని ఇంటింటికి లెక్కించుట తగును. నడచుచు వాడు వస్తువును ఇండ్ల లెక్కన కొలుచుట తగదు.

కనుక నేను కోరునది యేమనగా, సిగ్నలును ఇకమీద బాటవెంబడి మైలుమైలునకు కొలువవలయును. ఇందుకు దారి లేకపోలేదు. టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్ 2024లో చేసిన నిబంధనల ప్రకారము ప్రతి కంపెనీయు తన సేవ ఎందెందు కలదో తెలుపు పటమును తన వెబ్‌సైటులో ప్రకటింపవలయును. అయితే పటము సామాన్యముగా గణితముచే గీయబడునది. కొండ చాటు దానికి పూర్తిగా పట్టుబడదు. ఆ సంస్థయే కారులో యంత్రములు పెట్టి రహదారులవెంట పరీక్షలు కూడ జరిపించుచుండును. నెల్లూరు నుండి ఆత్మకూరు మీదుగా బద్వేలు పోవు జాతీయ రహదారి మాత్రమే గాక, ఉదయగిరి, సీతారామపురము బాటలును ఆ పరీక్షలో చేరవలయునని మనము అడుగవలయును.

జనము పలుచగానున్న చోట టవరు పెట్టిన గిట్టదని కంపెనీలు చెప్పుట సహజము. వారి మాటలో నిజము లేకపోలేదు. కాని యట్టి చోట్లకొరకే కంపెనీల లెక్కకువచ్చు రాబడిలో నూటికి 5 వంతున సేవానిధికి వసూలగుచున్నది. దానికే 2023 నాటి టెలికాం చట్టము డిజిటల్ భారత్ నిధి యని పేరిడినది. మరియు 2025 జనవరి 17వ తేదీన, ఆ నిధితో కట్టిన టవరులయొద్ద ఒక కంపెనీ చందాదారుడు మరియొక కంపెనీ టవరును వాడుకొను ఏర్పాటు ప్రారంభమైనది. ఇది మన సహకార సూత్రమే. ముగ్గురు చిన్న రైతులు మూడు బావులు త్రవ్వి అప్పుల పాలగుటకంటె ఒక్క బావిని వంతులవారీగా వాడుకొనుట మేలని మన సంఘములు ఎన్నడో నేర్చినవి. అడవి బాటలలో ఎవరి సొమ్ముతో కట్టిన టవరైనను, కూలి పుచ్చుకొని, అందరికిని తెరచియుంచవలయునని చట్టము చేయుట మంచిది. తన కంపెనీ సిగ్నలు లేకున్నను దగ్గరలోని పరుల టవరు ద్వారా 112కు పిలుపు పోవునట్లు ఫోనులు నిర్మింపబడియే యున్నవి. ఆపదలో సాధ్యమైనది అన్నివేళలను అసాధ్యమెట్లగును?

అడుగుటకు ముందు మనవద్ద ఆధారముండవలయును. ప్రతి సంఘ కార్యాలయములోను ఒక రిజిస్టరు పెట్టుడు. ఏ బాటలో, ఏ కిలోమీటరు రాయి నుండి ఏ రాయి వరకు, ఏ తేదీన, ఏ గంటకు, ఏ కంపెనీ ఫోను పలుకలేదో సభ్యులును, లారీ డ్రైవరులును వ్రాయవలయును. మాట పోయినదా, డేటా మాత్రమే పోయినదా యను సంగతియు గుర్తింపవలయును. మూడు నెలల లెక్కను మహాసభ తీర్మానముతో కలెక్టరుగారికిని, ట్రాయ్ సంస్థకును పంపుడు. ఒంటరివాని ఫిర్యాదును త్రోసివేయుట సులభము. సంఘపు తీర్మానమును త్రోసివేయుట అంత సులభము గాదు.

అంతవరకు మన జాగ్రత్త మనకుండవలయును. బయలుదేరకముందే పటమును ఫోనులోనికి దింపుకొన్నచో డేటా లేకున్నను ఉపగ్రహముల సాయమున అది త్రోవ చూపును. సంఘపు బండిలో రెండు కంపెనీల సిమ్ములుంచుడు. డేటా లేక మాట మాత్రము పలుకుచోట సొమ్ము పంపుటకు 2022 మార్చిలో ఏర్పడిన యూపీఐ 123పే పనికివచ్చును. అయినను చేతిలో కొంత నగదు మేలు. బండి నడపుచు ఫోను చూడరాదు. మీ పొలములో టవరు పెట్టెదము, ముందు రుసుము కట్టుడని ఫోనులో పలుకువారు మోసగాండ్రని యెరుగుడు.

బాటలు వేయుమని మన పెద్దలు అర్జీలు పెట్టి పెట్టి సాధించిరి. ఆ బాటమీద పోవువాని పిలుపు వినబడునట్లు చేయుట మన వంతు. వచ్చు మహాసభకు ముందే మీ సంఘపు రిజిస్టరులో మొదటి పంక్తి వ్రాయబడుగాక!