చాకీలో వేడి చూపిస్తే పురుగు గట్టిపడుతుందా?

అగ్ని నక్షత్రం ఎండలు దగ్గరపడేసరికి మనవాళ్ల మధ్య ఒక మాట తిరుగుతుంది. చాకీలోనే పురుగుకి కొంచెం కష్టం చూపిస్తే పెద్దయ్యాక ఎండకి తట్టుకుంటుందని. ఉడుమలైపేట వైపూ విన్నాను, మదురై వైపూ విన్నాను. కొందరు చాకీ బెడ్ మీద తడి తగ్గించేసి, ఒక పూట ఆకు కూడా ఆపి "అలవాటు చేస్తున్నాం అన్నా" అంటున్నారు. మాటలో కొంత నిజముంది. చేస్తున్న పని మాత్రం తప్పు.

నిజం ఏంటంటే, 1962లో ఇటలీలో ఫెరూచియో రిటోస్సా అనే ఆయన పండ్ల ఈగల మీద పని చేస్తూ, వేడి పెరిగితే వాటి కణాల్లో క్రోమోజోములు కొన్నిచోట్ల ఉబ్బడం చూశాడు. అప్పుడు తయారయ్యే వాటికే తర్వాత హీట్ షాక్ ప్రొటీన్లని పేరొచ్చింది. వేడికి చెడిపోతున్న మిగతా ప్రొటీన్లని ఇవి కాపాడతాయి. మన పట్టుపురుగులోనూ ఇవి ఉన్నాయి. ఓ మోస్తరు వేడి కొద్దిసేపు తగిలి, తేరుకోవడానికి టైం దొరికితే, ఆ వెంటనే వచ్చే పెద్ద వేడికి పురుగు కాస్త ఎక్కువ నిలుస్తుంది. నారుమడికి నీళ్లు తగ్గించి, గట్టిపడ్డాక నాటుతాం కదా, ఆ లెక్కే.

అయితే ఆ కాపు ఎప్పటికీ ఉండదు. వేడి పోయాక ఆ ప్రొటీన్లు కూడా తగ్గిపోతాయి. పురుగు ఎండకి ఎక్కువ దెబ్బతినేది ఐదో దశలో. రెండో జ్వరం లేచాక అక్కడికి చేరడానికి సుమారు పది రోజులు పడుతుంది. చాకీలో చూపించిన వేడి అప్పటికి ఏం పనికొస్తుంది?

ఇంకోటి, ఆకలి వేరు, వేడి వేరు. చాకీకి 27, 28 డిగ్రీలు, 85 శాతం పైన తేమ కావాలి. తేమ తగ్గితే ఆకు వాడుతుంది, పురుగు తినదు, బెడ్‌లో చిన్నాపెద్దా తేడా వచ్చేస్తుంది. కొన్ని జ్వరంలో ఉంటే కొన్ని ఆకు కోసం తల ఎత్తి ఊపుతుంటాయి. బలం తగ్గిన పురుగుని ఎండ కొడితే గ్రాసరీ, ఫ్లాచరీ ముందు దాన్నే పట్టుకుంటాయి. 100 గుడ్లకి 60, 70 కిలోల గూళ్లు రావలసిన చోట సగం కూడా రాకపోతే అప్పు ఎవరు కడతారు?

పాత మైసూరు జాతి ఎండకి నిలిచేది కదా అంటారు పెద్దవాళ్లు. నిలిచేది. అది తరతరాలుగా జాతిలో ఉన్న గుణం, ఒక బ్యాచ్‌కి మనం నేర్పింది కాదు. ఇప్పుడు మనం పెంచే తెల్లగూళ్ల బైవోల్టైన్‌కి ఆ గుణం అంత లేదు.

చిన్నప్పటి వేడి పురుగులో బాగా నిలిచిపోయే చోటు ఒకటుంది, గుడ్డు. బైవోల్టైన్ గుడ్డుని 25 డిగ్రీల్లో వెలుతురులో పొదిగిస్తే, అందులోంచి వచ్చిన చిలక పెట్టే గుడ్లు నిద్రపోతాయి. 15 డిగ్రీల్లో చీకట్లో పొదిగిస్తే నిద్రపోవు. ఆశ్చర్యమే, కానీ ఇది విత్తన కేంద్రాల పని. మన షెడ్డులో ఎండకి మందు కాదు.

నన్నడిగితే అసలు దెబ్బ వేరే చోట ఉంది. చాకీ సెంటర్‌లో 27 డిగ్రీల్లో ఉన్న పురుగు మిట్టమధ్యాహ్నం వ్యాన్‌లో వచ్చి 36 డిగ్రీల షెడ్డులో పడుతుంది. దాన్ని అలవాటు చెయ్యడం అంటారా? ఉడుమలై వాళ్లకి పాల్‌ఘాట్ కనుమ గాలైనా కొంచెం ఆదుకుంటుంది, మదురైకి అదీ లేదు. చాకీ పురుగు తెల్లవారుజామునో పొద్దు వాలాకో రావాలని సెంటర్‌తో గట్టిగా చెప్పండి. వచ్చేలోగా షెడ్డు పైకప్పు మీద కొబ్బరి మట్టలు పరిచి నీళ్లు కొట్టండి, కిటికీలకి తడి గోనె కట్టండి. జ్వరంలో ఉన్న పురుగు మీద ఏ ప్రయోగమూ వద్దు.

గట్టిపరిచి చూస్తాం అనేవాళ్లు ఒక ట్రేలో మాత్రం చెయ్యండి. పక్క ట్రేని మామూలుగా పెంచి, రెండింటి గూళ్లూ విడివిడిగా తూకం వేసి గ్రూపులో పెట్టండి.