తొమ్మిదిలో మూడే మనవి

ఒంటరిగా ఆడేవాళ్ళు స్వార్థపరులు, జట్టులో ఆడేవాళ్ళు ఉత్తములు అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంట్లో అన్నా అంతే, ఆటలో అన్నా అంతే. ఈసారి ఆట సంగతే రాస్తున్నాను. "మనకెందుకమ్మా ఆటలు" అని పక్కన పెట్టేయకండి, ఇది మన వంటింటి దాకా వచ్చే సంగతే.

"సిటీ ఆఫ్ హీరోస్" అని ఒక కంప్యూటర్ ఆట. 2004లో అమెరికాలో మొదలైంది. పారగాన్ సిటీ అనే ఊళ్ళో మనకు నచ్చిన సూపర్‌హీరోను తయారుచేసుకుని దుర్మార్గుల పని పట్టాలి. ఎక్కడెక్కడి వాళ్ళో ఇంటర్నెట్‌లో కలిసి ఆడతారు. జట్టుకి ఎనిమిది మంది దాకా ఉండొచ్చు. 2012 నవంబర్ 30న కంపెనీ మూసేసింది. 2019లో అభిమానులు మళ్ళీ నడపడం మొదలుపెట్టారు. మా అమ్మాయి ఆడుతుంటే చూసి నేనూ నేర్చుకున్నాను.

మొదట్లో హీరోలు ఐదు రకాలు. దెబ్బలన్నీ తన మీద వేసుకునే ట్యాంకర్, మీదికెళ్ళి కొట్టే స్క్రాపర్, దూరం నుంచి కాల్చే బ్లాస్టర్, శత్రువుని కదలకుండా కట్టేసే కంట్రోలర్, తోటివాళ్ళని కాచుకునే డిఫెండర్. స్క్రాపర్ ఒక్కడే వెళ్ళి పదిమందిని కొట్టి వస్తే "మొనగాడు" అంటారు. డిఫెండర్ "ఇవాళ నేనొక్కదాన్నే ఆడుకుంటాను" అంటే మాత్రం "నీ పని అది కాదుగా, మరి మాకు దెబ్బలు తగిలితే ఎవరు చూస్తారు?" అంటారు. ఇద్దరూ చేసింది ఒకటే. ఒకరిది పౌరుషమట, ఇంకొకరిది స్వార్థమట. ఈ న్యాయం మనకి కొత్తా?

డిఫెండర్లు తీసుకోగల శక్తుల్లో ఎంపతీ అనే వరస ఒకటుంది. అందులో తొమ్మిది శక్తులు. లెక్కపెట్టి చూశాను. ఆరు ఎదుటివాళ్ళ మీదే పనిచేస్తాయి, తన మీద వేసుకుందామన్నా కుదరదు. తనకీ పనికొచ్చేవి మూడే. ఒక శక్తి అయితే తన ప్రాణంలోంచి కొంత తీసి పక్కవాళ్ళకి పోస్తుంది. ఇంకో విడ్డూరం వినండి. జట్టులోవాళ్ళకి దెబ్బలు తగిలేకొద్దీ డిఫెండర్‌కి తన శక్తులు వాడేందుకయ్యే ఓపిక ఖర్చు తగ్గేలా ఏర్పాటు చేశారు. పిల్లాడికి జ్వరమొస్తే రాత్రంతా అమ్మకి నిద్రే రాదంటారు చూశారా, అలాగన్నమాట. మరి ఒంటరిగా ఉన్నప్పుడు? ఆ వరం సున్నా.

"డిఫెండర్‌ని ఎంచుకున్నది నువ్వే కదా, ఒంటరిగా ఆడాలంటే స్క్రాపర్‌ని తీసుకోవాల్సింది" అనేవాళ్ళున్నారు. నలుగురికీ సాయపడదామని ఎంచుకున్నాం గానీ, నలుగురూ లేనప్పుడు చేతులు కట్టుకు కూర్చుంటామని రాసివ్వలేదు కదండీ! డిఫెండర్‌కీ కొట్టే శక్తులున్నాయి. బ్లాస్టర్ చేతిలో గట్టిగా తగిలేవే ఈవిడ చేతిలో మెల్లగా తగులుతాయి, అంతే తేడా.

"జనంతో కలవడానికే కదా ఆన్‌లైన్ ఆట" అనేది ఇంకో వాదన. కలవడం బాగుంటుంది, కాదనను. కానీ జట్టులో చేరాక మధ్యలో లేస్తే ఏడుగురు ఎదురుచూస్తారు. నాకు చిక్కేది పప్పు ఉడికేలోపు ఇరవై నిమిషాలు. మూడో విజిల్‌కి లేవాలి, కాలింగ్ బెల్ మోగితే లేవాలి. ఒంటరి ఆటలో లేస్తే ఎవరికీ నష్టం లేదు. రోజంతా జట్టుగానే బతికే మనిషికి ఆ ఇరవై నిమిషాలు కూడా జట్టుకే రాసిచ్చేయమనడం ఏం ధర్మం?

జట్టు మీద నాకు కోపం లేదు. ఈ ఆటలో సైడ్‌కిక్ అనే ఏర్పాటు ఉంది. పెద్ద స్థాయి ఆటగాడు కొత్తవాణ్ణి పక్కన చేర్చుకుంటే, ఆ కాసేపూ కొత్తవాడి స్థాయి ఇంచుమించు పెద్దవాడి దాకా లేస్తుంది. కలిసి ఆడటమంటే అదీ. బలమున్నవాడు లేనివాణ్ణి పైకి లాగాలి. ఎప్పుడూ ఒకరే పోస్తూ, ఏడుగురు తాగుతూ ఉంటే దాన్ని జట్టు అనరు, చాకిరీ అంటారు.

ఆట తయారుచేసినవాళ్ళకి ఇది అర్థమైంది. తర్వాత డిఫెండర్ ఒంటరిగా ఆడితే దెబ్బకి బలం పెరిగేలా మార్చారు. దానివల్ల జట్లేమీ కూలిపోలేదు. డిఫెండర్లు ఇప్పటికీ జట్లలో ఆడుతూనే ఉన్నారు, బలవంతం మీద కాదు, ఇష్టపడి.

ఒక కంపెనీ ఆటని దిద్దుకోగా లేనిది, మన ఇళ్ళు దిద్దుకోలేవా? ఇవాళ పని తెమిలాక ఒక్కసారి మీ తొమ్మిది శక్తులూ లెక్కపెట్టుకోండి. మీ మీద మీరు వేసుకోగలిగేవి ఎన్ని? మూడు కూడా లేకపోతే, ముందు ఇంట్లో ఆ మాట ఎత్తండి. స్వార్థమంటారేమో, అననివ్వండి.